మండుటెండల సీమలో మంచురాతి ఆట

ఆట విత్తనము వంటిది. ఏ గాలికి కొట్టుకొనివచ్చినను నేల అంగీకరించినచో మొలచును. నేల అంగీకరింపనిచో ఎన్ని కడవల నీరు పోసినను మురిగిపోవును. ఇంగ్లండు పచ్చికబయళ్ళపై పుట్టిన క్రికెట్టు నేడు నంద్యాల సందులలోను, కుందూనది యొడ్డునను, ఆళ్ళగడ్డనుండి అహోబిలమునకు పోవు త్రోవలోని బీళ్ళలోను ఎవరి యాహ్వానము లేకయే ఆడబడుచున్నది. కర్ర చెక్కినవాడు ఊరి వడ్రంగి, వికెట్లుగా నిలిచినవి మూడు పుల్లలు. ఆ యాటను ఏ ప్రభుత్వమును నాటలేదు. నేల దానిని స్వీకరించినది. ఈ సత్యమును మనసునందుంచుకొని నేడొక వింత ప్రశ్నను మా పాఠకుల ముందుంచుచున్నాము.

శీతకాలపు ఒలింపిక్ క్రీడలు వచ్చినప్పుడెల్ల టెలివిజనుముందు కూర్చుండిన మనవారు ఒక యాటను చూచి నవ్వుకొందురు. ఒకడు మోకాలు వంచి, నేలకు ఒరిగి, పిడిగల రాతినొకదానిని మంచుపై మెల్లగా జార్చి వదలును. ఇద్దరు చీపుళ్ళవంటివి పట్టుకొని దానిముందు ఆయాసపడుచు తుడుచుచు పోవుదురు. నాలుగవవాడు ఆ చివర నిలిచి కేకలు వేయుచుండును. ఇల్లూడ్చు పనికి కూడ పతకములిత్తురా యని మనలో కొందరి పరిహాసము. ఆ యాట పేరు కర్లింగు. చలిదేశములలో పుట్టి పెరిగిన యీ క్రీడను వేడిదేశములలో నెలకొల్పవలెనని ఇటీవల పలుచోట్ల ప్రయత్నములు జరుగుచున్నవి. వేసవిలో 40 డిగ్రీలు దాటి కాయు నంద్యాల యెండలో ఈ మాట యెత్తుట హాస్యాస్పదమని కొందరికి తోచవచ్చును. మాకట్లు తోచలేదు. రాతితో బ్రతుకు సీమ మనది. రాతి ఆటనుగూర్చి ఒక మాట చెప్పుటకు మనకు అధికారము కలదు.

ముందుగా ఆట స్వరూపము. సుమారు 45 మీటర్ల పొడవు, 5 మీటర్లకు మించని వెడల్పుగల మంచుపట్టీ యుండును. దాని చివర 12 అడుగుల వ్యాసముగల వలయములు గీయబడియుండును. ఆ వలయములకు ‘ఇల్లు’ అని పేరు. జట్టునకు నలుగురు, మనిషికి రెండు రాళ్ళు. ఒక్కొక్క రాయి తూకము 20 కిలోలకు ఇంచుక లోబడియుండును. ఉభయపక్షములవారును వంతులవారీగా 16 రాళ్ళను జార్చినపిదప నడిబొడ్డునకు ఎవరి రాయి దగ్గరగా నున్నదో వారిదే ఆ విడతలో గెలుపు. ఎదిరివారి మేలైన రాతికంటె చేరువగా తమవెన్ని యున్నవో అన్ని పాయింట్లు. నలుగురాడు పెద్దపోటీలలో ఇట్టివి 10 విడతలు జరుగును. ఎదిరివాని రాతిని కొట్టి వెడలగొట్టవచ్చును. తన రాతికి అడ్డుగా మరియొకదానిని కాపు పెట్టవచ్చును. రెండింటి నడుమ సందులోనుండి మూడవదానిని జొప్పింపవచ్చును. కండబలముకంటె కంటిచూపును, ఓర్పును, ముందుచూపును ఇందు ప్రధానములు.

ఇందులో మన పిల్లలెరుగనిది ఏమున్నది? గోలీలాడిన ప్రతి బాలుడును ఎదిరి గోలీని గురిచూచి తరుముట యెరుగును. తొక్కుడుబిళ్ళ ఆడిన ప్రతి బాలికయు బిళ్ళను గీత తగులకుండ గడిలో నిలుపుట యెరుగును. క్యారమ్ బోర్డుపై పొడి చల్లిన ప్రతివాడును నునుపునకును వేగమునకును గల సంబంధమెరుగును. ఈ మూడు విద్యలను ఒకచోట కూర్చి పెద్ద రాతికి అప్పగించినచో అదియే కర్లింగు. ఇక చీపురు పనియు నవ్వులాట కాదు. మంచుపై నీటితుంపరలు చల్లి సన్నని పొక్కులు గడ్డకట్టింతురు. రాయి వానిమీద పోవుచు పోవుచు మెల్లగా వంక తిరుగును. ముందు తుడిచినచో ఆ రాపిడివేడికి మంచు ఇసుమంత మెత్తబడి రాయి మరికొంత దూరము, మరికొంత తిన్నగా సాగును. వదలిన బాణమును దారిలో దిద్దుకొను అవకాశము తక్కిన ఆటలలో అరుదు.

ఈ యాటకు పుట్టినిల్లు స్కాట్లండు. న్యాయవాదవృత్తిలోనున్న మాకు దాని చరిత్రలో ఒక విశేషము ముచ్చట గొలిపినది. 1541వ సంవత్సరమున పెయిస్లీ మఠమునకు చెందిన ఒక సన్యాసి మరియొక పెద్దమనిషిని మంచుపై రాళ్ళ పందెమునకు పిలిచిన సంగతిని ఒక నోటరీ లాటిను భాషలో తన పుస్తకమునకెక్కించెను. ఆట పుట్టుకకు దస్తావేజే సాక్ష్యమైనది. 1838లో ఎడింబరోలో ఈ క్రీడకొక మహాసంఘ మేర్పడినది. 1842లో విక్టోరియా రాణి స్కాట్లండునకు వచ్చినప్పుడు స్కోన్ భవనములో ఈ యాటను ఆమెకు చూపిరి. మరుసటి సంవత్సరమే ఆ సంఘమునకు ‘రాయల్’ బిరుదు లభించినది. ఇందు పాఠకులు గమనింపవలసిన అంశమొకటి కలదు. రాణికి చూపిన ఆ యాట మంచుపై జరుగలేదు; నాట్యశాలలోని నున్నని చెక్కనేలపై జరిగినది. రాజముద్ర పొందిననాడే కర్లింగునకు మంచు లేదు! ఈ సంగతిని మాపుచేయక మనసునందుంచుకొనుడు. ముందు మన వాదమునకు ఇదియే ప్రధాన సాక్షి కానున్నది.

వేడిదేశములో మంచు అసాధ్యమా? కాదు. 1833లోనే ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను చెరువుల మంచును ఓడకెత్తి నాలుగు నెలల ప్రయాణము చేయించి కలకత్తాలో దింపెను. చెన్నపట్నమున సముద్రతీరమందు ఆ మంచును నిలువచేయుటకై కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానందులు బసచేసినది ఆ భవనముననే. పిదప మన దేశముననే మంచు ఫ్యాక్టరీలు వెలసినవి; ఓడమంచు వ్యాపారము అంతరించినది. ఒకనాడు దొరల గ్లాసులలో మాత్రమే కనబడిన మంచుగడ్డ నేడు నంద్యాల బస్టాండు సోడాబండిపై గోనెసంచి కప్పుకొని కూర్చున్నది. కనుక సమస్య మంచు చేయుటలో లేదు; దానిని చెదరక, కరగక, సమముగా, ఏడాది పొడుగున నిలుపుటలో నున్నది. దానికి చలువయంత్రములు, వేడిని ఆపు గోడలు, తేమను పీల్చు పరికరములు, అన్నిటికి మించి ఎడతెగని విద్యుత్తు కావలెను.

వ్యయమునకు ఓర్చినవారు దీనిని సాధించియే యున్నారు. అమెరికాలో ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో వేసవి మన వేసవిని మించును. అచటి టెంపీ నగరమున ఒక కర్లింగు క్లబ్బు మొదట హాకీవారి మంచును గంటలలెక్కన అద్దెకు తీసికొని ఆడి, సభ్యులు పెరిగినపిదప 2014లో స్వంత చావడిని ఏర్పరచుకొన్నది. ఈ క్రమమును మన ఉత్సాహవంతులు గుర్తింపవలెను. ముందు ఆడువారు, పిదప అద్దెమంచు, తుదకు స్వంతమంచు. ముందు భవనము కట్టి ఆడువారికై ఎదురుచూచిన కథ కాదది.

ఇందుకు భిన్నమైన మార్గమును ఫిలిప్పీను దీవులవారు త్రొక్కిరి. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హార్బిన్ నగరమున జరిగిన ఆసియా శీతకాలపు క్రీడలలో ఆ దేశపు పురుషుల జట్టు తుదియాటలో దక్షిణ కొరియాను 5–3 తో ఓడించి బంగారుపతకము గైకొన్నది. ఆగ్నేయాసియా దేశమునకు ఆ క్రీడలలో బంగారము దక్కుట అదియే ప్రథమము. మంచు కురియని దీవులవారు మంచుదేశీయులను గెలిచిరనిన ఎవరికి ఒడలు పులకింపదు? వారి విజయమును మేమును మనసార కొనియాడుచున్నాము. అయినను నిజము నిజముగా చెప్పుకొనవలెను. ఆ జట్టులోని వారు ఫిలిప్పీను సంతతివారే గాని స్విట్జర్లాండులో ఆట నేర్చినవారు. సాధన చేసినది ఆ దేశపు మంచుపైననే. రక్తసంబంధము మాతృదేశముతో, విద్యాసంబంధము పరదేశముతో. అందు తప్పేమియు లేదు. కాని పతకము వచ్చుట వేరు, ఆట వచ్చుట వేరు. మనీలా వీధిలోని పిల్లవాడు ఆ రాతిని చేత పట్టినగాని ఆ దేశమున ఆట నాటుకొన్నదనుటకు వీలు లేదు.

మన తెలుగువారును నేడు కెనడాలోను, అమెరికాలోను, ఐరోపాలోను విస్తారముగా నివసించుచున్నారు. వారి బిడ్డలలో కొందరు రేపు ఈ యాటలో ఆరితేరవచ్చును. త్రివర్ణపతాకము ధరించి ఆడవచ్చును. అట్లు జరిగిననాడు మేమును జయధ్వానము చేయుదుము. కాని ఆ జయధ్వానముతో మన కర్తవ్యము తీరినదని ఎవరైన తలంచినచో అది అరువు సొమ్ముతో చేసిన పెండ్లివంటిదగును. పందిరి అందముగానే యుండును. పదహారునాళ్ళ పండుగ ముగిసినపిదప ఇంట మిగులునదేమి?

మన దేశమున భవనమును ముందుగా కట్టిన ఉదాహరణయు కలదు. 2011లో దక్షిణాసియా శీతకాలపు క్రీడలకై డెహ్రాడూనులో హిమాద్రి యను మంచుక్రీడాశాలను ఒలింపిక్ కొలతలతో నిర్మించిరి. ఉత్సవము ముగిసినది; అతిథులు వెళ్ళిపోయిరి; నిర్వహణభారము మిగిలినది. శాల ఏండ్ల తరబడి మూతపడినది. 2025లో దానిని బాగుచేసి మరల తెరచిరి. ఆ ఆగస్టులో ఆసియా స్థాయి స్కేటింగు పోటీలు అచట జరిగినవి. తెరచినవారికి అభినందనములు. కాని నడుమ గడచిన కాలములో ఎందరు బాలబాలికల యౌవనము కరగిపోయినది! మంచు కరగినచో మరల గడ్డకట్టింపవచ్చును. వయసు కరగినచో కట్టింపరాదు. ప్రారంభోత్సవ శిలాఫలకము చెక్కించుట సులభము, నెలనెల విద్యుత్తు బిల్లు చెల్లించుట కష్టము అని మన పాలకులును, పురపాలక సంఘములవారును గ్రహింతురు గాక.

అయినచో మార్గమేమి? మార్గము మన యింటనే కలదు. ఇంగ్లీషువారి బ్యాడ్మింటనునకు గాలి తగులరాదు. ఈకలబంతి ఇసుమంత గాలికి ఎగిరిపోవును. పెద్ద పైకప్పుల చావడులు లేని దక్షిణదేశమున మనవారేమి చేసిరి? ఈకలబంతిని తీసివేసి ఉన్నిబంతిని పెట్టిరి. ఆటను ఆరుబయటికి తెచ్చిరి. అదియే బాల్ బ్యాడ్మింటను. తంజావూరున మొలచినదని చెప్పబడు ఆ క్రీడ తెలుగుదేశమున ఊరూర హైస్కూళ్ళ ఆవరణలలో, కచేరీల వెనుక, తాలూకా క్లబ్బులలో సాయంకాలపు ఆటగా వర్ధిల్లినది. 1954లో దానికి అఖిలభారత సమాఖ్య యేర్పడినది. ఓరుగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారు ఆ యాటలోనే 1970లో అర్జున పురస్కారము పొందిరి. అంతటితో కథ ముగియలేదు. గాలిలేని చావడులు వచ్చినపిదప తెలుగుబిడ్డలు ఈకలబంతి ఆటలోను ప్రపంచమును గెలిచిరి, 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు విజేతయైరి, 2019లో పి.వి. సింధు ప్రపంచవిజేతయైనది. బంతి మార్చుకొన్నందున మనకు నష్టము కలుగలేదు. ఆరుబయలు ఆట ఒక జాతికి రాకెట్టు పట్టుట నేర్పినది. చావడి తరువాత వచ్చినది.

కర్లింగునకును ఇట్టి రూపాంతరములు ఇప్పటికే కలవు. బ్రిటనులోను, కెనడాలోను అడుగున చిన్న ఉక్కుగుండ్లు అమర్చిన తేలికరాళ్ళతో పాఠశాలల చావడినేలపై ఆడు పద్ధతి వాడుకలో నున్నది. ఆస్ట్రియా, బవేరియా ప్రాంతములలో దీనికి చెల్లెలివంటి ‘ఐస్ స్టాక్’ అను ఆటను శీతకాలమున మంచుపై నాడి, వేసవిలో దాని అడుగుపలక మార్చి తారునేలపై నాడుదురు. మంచుదేశములవారే వేసవికొక ఏర్పాటు చేసికొనగా, వేసవిదేశమువారము మనము మంచుకై భీష్మించి కూర్చుండనేల?

ఇక మన సీమవంక చూడుడు. నంద్యాలనుండి ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. ఆళ్ళగడ్డ చేరినవారికి ముందుగా వినబడునది ఉలిచప్పుడు. దేవతామూర్తులు, ధ్వజస్తంభముల పీఠములు, నందులు అచట రూపము దాల్చి దేశదేశములకు పోవుచున్నవి. ఆళ్ళగడ్డ శిల్పమునకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఈ జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతముల నాపరాయి నునుపుదేరి దూరదేశముల ఇండ్లలో నేలయై పరచుకొన్నది. యాగంటిలో రాతిబసవన్న నానాట పెరుగుచున్నాడని నమ్ము జనులము మనము. మన తిరునాళ్ళలో ఎడ్లు లాగునది రాతిబండనే. ఒంగోలుజాతి ఎడ్లజతలు బండను కట్టుకొని నిర్ణీతకాలములో ఎన్ని యడుగులు, ఎన్ని యంగుళములు లాగెనో టేపు పట్టి కొలుతురు. ఎడ్ల పండ్లనుబట్టి తరగతులు విభజింతురు. వేలకొలది జనులు ఎండను లెక్కసేయక నిలిచి చూతురు. రాయి జారుటను ఇంత శ్రద్ధతో చూచు ప్రేక్షకులు స్కాట్లండున నైనను కలరా?

స్కాట్లండువారికి తమ రాతియందుగల మమకారమును గమనింపుడు. సముద్రమధ్యమునగల ఐల్సా క్రెయిగ్ అను చిన్నదీవి గ్రానైటుతోను, వేల్సు దేశపు ట్రెఫోర్ గనిరాతితోను పోటీరాళ్ళను చేయుదురు. నీరు పీల్చని రాయి యగుటచే అది మంచుచలికి పగులదు. మాచ్లిన్ అను పల్లెటూరిలో 1851 నుండి ఒక కార్ఖానా ఈ పనియందే యున్నది. ఒలింపిక్ పోటీలకు రాళ్ళు అచటినుండియే పోవును. ఒక ఆట ఒక పల్లెటూరికి నూటడెబ్బదియేండ్లకు పైగా కూడు పెట్టినది. ఆళ్ళగడ్డ ఉలికి అట్టి భాగ్యమేల కలుగరాదు? మంచుకు తగిన రాయి మన గనులలో నున్నదో లేదో ఇంజనీరింగు కళాశాలలవారు పరీక్షించి తేల్పవలెను. కాని నేలయాటకు తగిన రాయి చేయుటకు అంతటి పరీక్ష అవసరము లేదు. నిపుణుడైన శిల్పి, నాలుగు ఉక్కుగుండ్లు, ఒక పిడి చాలును.

కావున మా సూచన యిది. మొదటిది రాయి. ఆళ్ళగడ్డ శిల్పులచే బాలురకు తగిన తూకమున ఒక జత, పెద్దలకు తగిన తూకమున ఒక జత చేయింపవలెను. ఒక జతయనగా 16 రాళ్ళు. ఎనిమిదింటికి ఒక రంగు పిడి, ఎనిమిదింటికి వేరొక రంగు పిడి. రెండవది నేల. నాపరాతి పరుపు మట్టముగా నున్న చావడి ప్రతి పట్టణమునను కలదు. మూఢములలోను ఆషాఢమునను తాళము వేసియుండు కల్యాణమండపములను యజమానులు పిల్లలకు కొన్ని గంటలు విడిచినచో వారి సొమ్మేమి పోవును? సుద్దముక్కతో గీచిన వలయమే ‘ఇల్లు’. మూడవది మనుష్యులు. పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు నియమములు తెలుగున ముద్రించి యియ్యవలెను. మహానంది శివరాత్రి తిరునాళ్ళయందును, అహోబిల బ్రహ్మోత్సవములయందును జనము చేరుచోట ఒక మూల ఈ యాటను ప్రదర్శింపవలెను. ఎడ్లు లాగిన రాతిని చూచినవారు మనుష్యులు జార్చిన రాతినిగూడ చూతురు. నాలుగవది మంచు. ఈ మూడును కుదురుకొని, ఆడువారు వందలకొలది తయారైననాడు, రాష్ట్రమునకంతటికిని ఒక్కచోట, స్కేటింగువారితోను హాకీవారితోను కలసి పంచుకొనునట్లు, నిర్వహణధనము ముందుగా నిలువ చేసికొని మంచుశాలను కోరవలెను. అంతవరకు నంద్యాల పురపాలక నిధినుండి మంచుపేర ఒక్క రూపాయియు వెచ్చింపరాదని మా దృఢాభిప్రాయము.

ఇందుకు ఆక్షేపణలు రాగలవు. మన బడులలో పరుగెత్తుటకు మైదానములే లేవు, ఈ విదేశీయపు వేడుక యేల యని కొందరందురు. మైదానములు లేని మాట నిజమే. వానికై పోరాడుట మానరాదు. కాని ఈ నేలయాట మైదానమును తినివేయునది కాదు. మైదానము లేని బడియు, ఎండకు బయట అడుగిడరాని ఏప్రిల్ మధ్యాహ్నమును దీనికి అడ్డు కావు. పరుగుపందెమున పాల్గొనలేని వృద్ధుడును, మైదానమునకు పంపుటకు పెద్దలు వెనుదీయు ఆడపిల్లయు ఇందు సమానముగా నిలువగలరు. విదేశీయమను మాటకు సమాధానము మొదటనే చెప్పితిమి. స్వదేశీ యనగా పరదేశపు వస్తువును ద్వేషించుట కాదు; మన చేతులతో చేసికొనగలదానిని అరువు తెచ్చుకొనకుండుట.

నేలపై ఆడినది కర్లింగే కాదు, చీపురు లేని యాట ఆటయా యని శాస్త్రజ్ఞులందురు. వారికి మేము రెండు సాక్ష్యములు చూపుదుము. ఒకటి స్కోన్ భవనపు చెక్కనేల. రెండవది పారాలింపిక్ క్రీడలు. 2006 నుండి ఆ క్రీడలలో చక్రముల కుర్చీలో కూర్చుండి ఆడు కర్లింగునకు స్థానము కలదు. కుర్చీనుండియే కర్రతో రాతిని నెట్టుటకు వీలు కలదు. తుడుచుటకు మాత్రము నియమములు ఒప్పవు. చీపురు లేకున్నను అది కర్లింగేయని లోకము తీర్పు చెప్పియున్నది. అప్పీలుకు తావు లేదు. పైగా మన నేలయాటలో తొలుతనుండియు వికలాంగులైన సోదరులకు సరియైన స్థానము కల్పింపవచ్చును; పెద్ద క్రీడలు వారిని ఆలస్యముగా పిలిచినవి, మనము ముందుగా పిలువగలము.

ఇంతకంటె పెద్దమాట యొకటి చెప్పవలసియున్నది. ఈ సీమ పేరెత్తగానే ముఠాకక్షలు, నాటుబాంబులు, తరతరముల పగలు కండ్లముందు మెదలునట్లు సినిమాలు చేసిపెట్టినవి. అందు కొంత నిజము, పెక్కు అతిశయోక్తి. కాని ఉద్యోగమునకై పొరుగునగరమునకు పోయిన మన యువకుడు ఊరిపేరు చెప్పగానే ఎదిరివాని ముఖమున కలుగు మార్పును చూచి తలవంచుకొనుచున్నాడు. దేవుని మలచిన ఊరికి ఇట్టి పేరు తగునా? కర్లింగునకు ప్రాణమువంటి సంప్రదాయమొకటి కలదు. పొరపాటున తన చీపురుగాని కాలుగాని కదలుచున్న రాతికి తగిలినచో, ఎవరును చూడకున్నను, ఆటగాడే తన తప్పును ప్రకటింపవలెను. ఓటమి తప్పదని తెలిసినపుడు తుదివరకు ఈడ్వక చేయి చాచి గెలుపును ఎదిరికి అప్పగించుట మర్యాద. ఆటకు ముందును కరచాలనము, ఆటకు పిదపను కరచాలనము. సాక్షి లేని తప్పును తానే ఒప్పుకొను వ్యక్తి కోర్టు ఆవరణలో ఎంత అరుదో మేమెరుగుదుము. అట్టి యలవాటును పదియేండ్ల బాలునికి ఆటగా నేర్పగలిగినచో, ముప్పదియేండ్లు నిండిననాడు అతనికి వకీలు అవసరము తగ్గును. మా వృత్తికి ఆ నష్టము కలుగుటకు మేము సంతోషముతో సమ్మతింతుము.

రాయి విసరుటకు పౌరుషము చాలును. గురిచూచి జార్చి, ‘ఇంటి’లో నిలుపుటకు నిగ్రహము కావలెను. ఈ సీమ యువకులకు పౌరుషమునకు కొదువ లేదు. నిగ్రహమును సానపట్టు ఆటలు కావలెను.

ఒక్క ఆటవలన సీమ మారునని చెప్పువారము కాము. పతకము రేపే వచ్చునని ఆశ పెట్టువారమును కాము. ఆటను నాటుట చెట్టు నాటుటవంటిది; నీడలో కూర్చుండువాడు నాటినవాడే యగునను నియమము లేదు. యాగంటి బసవన్న పెరుగుట ఏ ఒక్క తరమువారి కంటికిని కనబడదు. అయినను తరతరములవారు ప్రదక్షిణము మానలేదు. అట్టి ఓర్పు మనకు క్రొత్త కాదు.

నంద్యాల పఠనమందిరముల సభ్యులను, ఆళ్ళగడ్డ శిల్పులను, పాఠశాలల ఉపాధ్యాయులను మేము ప్రార్థించునది స్వల్పము. ఈ వేసవి సెలవులలోపల పదునారు రాళ్ళు చెక్కించుడు. ఒక చావడి తలుపు తెరువుడు. నాపరాతిపై ఒక వలయము గీయుడు. ధనికులు చందా యిండు, చేతిపని తెలిసినవారు చేయి యిండు, ఏమియు లేనివారు తమ పిల్లలను పంపుడు. ఐల్సా దీవి రాయి నాలుగువందల మైళ్ళు పోవునో నాలుగువేల మైళ్ళు పోవునో మనకు పట్టదు. ఆళ్ళగడ్డ రాయి ముందుగా ఆళ్ళగడ్డ పిల్లవాని చేతికి చేరవలెను. మంచు మాట తరువాత చూచుకొందము.